లేచిపోయే రామూర్తి మావ

మా రామూర్తి మావ ఇప్పటికి ఓ నాలుగొందల సార్లు లేచిపోయాడు. కంగారు పడకండి, ఒక్కసారి కూడా పక్కన ఆడమనిషి లేదు. ఆయనకు కోపం వస్తుంది. వస్తే కూర్చున్న చోటునుంచి లేచి పోతాడు, అంతే. తువ్వాలు ఓసారి దులిపి భుజాన వేసుకున్నాడంటే ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చి కాళ్లు పట్టుకున్నా ఆగడు.

పెళ్లిపీటల మీదనుంచి లేచిపోయాడు. తాళి కట్టాకే లెండి. సన్నాయివాడు సముద్రం హోరులో వినపడేట్టు ఊదడం లేదట. మంగలి దగ్గర సగం గడ్డంతో లేచిపోయి, మిగతా సగాన్ని వారం రోజులు మోశాడు. ఓసారి టెక్కలినుంచి వస్తుంటే కండక్టరు "పెద్దాయనా, కొంచెం జరుగు" అన్నాడు. అప్పటికి మావకు యాభై రెండేళ్లు. బస్సు ఆపించి దిగి, పదకొండు కిలోమీటర్లు నడిచాడు.

నా పేరు ధనరాజు. మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డునున్న ఊరు. పలాసకూ మా ఊరికీ ఆటో తోలుతాను. మావ మా అమ్మకు సొంత తమ్ముడు. ఆయన లేచిపోయినప్పుడల్లా వెనకాలే వెళ్లి తీసుకురావడం మా ఇంటి బాధ్యత. ఇదివరకు మా నాన్న సైకిలు మీద వెళ్లేవాడు. ఇప్పుడు నేను ఆటో మీద వెళ్తున్నాను.

"ఎక్కు మావా."

"ఎక్కను."

"ఎండగుంది."

"ఎండ నీతో సెప్పిందేటి?"

"అత్త అన్నం ఒండీసింది."

"ఏటి కూర?"

"కవళ్ల సేపల పులుసు."

అప్పుడు ఎక్కుతాడు. వెనక సీటంతా ఖాళీగా ఉన్నా నా పక్కన ఇరుక్కుని, ఇంటిదాకా లోకాన్ని తిడుతూ వస్తాడు.

ఇంత కోపిష్ఠికి భక్తి కూడా అంతే ఉంది. మా గంగమ్మ గుడి తాళం పదేళ్లుగా ఆయన దగ్గరే ఉండేది. పొద్దున్నే గుడి ఊడ్చి, కడిగి, దీపం పెట్టాకే పడవ దగ్గరికి వెళ్తాడు. వేటలో చేపలు పడలేదంటే తిరిగొచ్చి అమ్మవారితోనే తగువు. "నీకు కళ్లున్నాయా, లేవా?" అని గుళ్లోంచి కూడా లేచిపోతాడు. మర్నాడు పొద్దున మళ్లీ చీపురుతో హాజరు.

అందుకే సర్పంచి ఎన్నికలొచ్చినప్పుడు గోవిందరావు గారు మావ తనవైపే అనుకున్నారు. గోవిందరావు గారికి మా పంచాయతీలోనే పైఊళ్లో జీడితోటలున్నాయి, పలాసలో వ్యాపారం ఉంది. సర్పంచి పదవి ఆడవాళ్లకు కేటాయించారు కాబట్టి తన భార్య జాహ్నవి గారిని నిలబెట్టారు. పోటీకి మా వీధినుంచి జ్యోత్స్న సిద్ధమైంది.

జ్యోత్స్న భర్త ఏడేళ్ల కిందట కిడ్నీలు పాడై చనిపోయాడు. మావైపు ఇలాంటి చావు లేని వీధి లేదు. అతన్ని తిప్పిన రోజుల్లో ఆ పిల్ల ఆస్పత్రుల దారులన్నీ నేర్చుకుంది. ఆ తరవాత ఊళ్లో ఎవరికి కాళ్లు పొంగినా నా ఆటోలో ఎక్కించుకుని పలాస తీసుకెళ్లేది. లైన్లో తనే నిలబడేది, రక్తం శుద్ధి చేసినంతసేపూ పక్కనే కూర్చునేది. భర్త విశాఖలో మంచం మీదుండగా ఆమెకు అన్నం తెచ్చిపెట్టింది టెక్కలి ప్రార్థనామందిరం వాళ్లు. అప్పటినుంచీ ఆదివారం ఆదివారం అక్కడికి వెళ్తుంది. వెళ్లేదీ నా ఆటోలోనే, నడివీధినుంచే. ఇన్నేళ్లూ అది ఎవరికీ కనపడలేదు. నామినేషన్లు మొదలయ్యేసరికి ఊరందరికీ ఒక్కసారి చూపొచ్చింది.

"అమ్మోరిని నమ్మనిదానికి ఊరప్పజెబుతారా?" అని ఫోన్లలో మెసేజీలు. పంపినవాళ్లలో ముగ్గురు ఆ పిల్ల పుణ్యమా అని లేచి తిరుగుతున్నవాళ్లే. అవి చదివినప్పుడు నాకూ ఒళ్లు మండింది. కానీ నేను మావను కాను. ఫోను జేబులో పెట్టుకుని ఊరుకున్నాను.

నామినేషన్ల ఆఖరి రోజు పొద్దున తుఫాను షెల్టరులో ఊరు కూడింది. పెద్దమనిషి కూర్మారావు మంచివాడు, పద్ధతంటే ప్రాణం. గోవిందరావు గారు తెల్లబట్టల్లో కుర్చీ వేయించుకున్నారు. జ్యోత్స్నను పిలిచారు.

"అమ్మీ, నాకు నీ మీద కోపం లేదు," అన్నాడు కూర్మారావు. "ఊరికో పద్ధతుంది. అమ్మోరి పండగనాడు మొదటి ముర్రాట సర్పంచి ఇంటి ఆడమనిషి ఎత్తాల. నువ్వు గెలిత్తే ఎత్తుతావేటి?"

ముర్రాట అంటే వేపాకులు పెట్టిన పసుపునీళ్ల కుండ. ఆడవాళ్లు తలమీద పెట్టుకుని గుడికి మోస్తారు.

జ్యోత్స్న తల అడ్డంగా ఊపింది. "ఎత్తను పెదనాన్నా. పండక్కి నీళ్లు, దీపాలు, దారి అన్నీ నాను సూత్తాను. మీ పక్కనే నడుత్తాను. గాని మొక్కకుండా మొక్కినట్టు నటించలేను. అది అమ్మోరికీ మర్యాద కాదు, నాకూ కాదు."

మావ ముఖం ఉడికిన పీతలా ఎర్రబడింది. ముందు ఆ పిల్ల మీదే పడ్డాడు.

"నీకు బుద్దుందేటి పిల్లా? ఎత్తుతానని ఒక్క మాటనేత్తే పోయేది కదా! పండగనాటికి నడుం నొప్పనొచ్చు కదా! నిజం సెప్పమని ఎవులడిగేరు నిన్ను?"

"మీరందరూ అడిగేరు కద మావా."

"అడిగితే సెప్పీడమేనేటి!"

జనం గొల్లుమన్నారు. మావ తమవైపే మాట్లాడుతున్నాడనుకుని గోవిందరావు గారు అందుకున్నారు. "చూశారా రామూర్తి గారూ? మీరు భక్తులు, మీరే చెప్పండి. అమ్మవారంటే నమ్మకం లేని మనిషి..."

"తమరికుందేటి నమ్మకం?"

"అదేం మాట! నాకు లేకపోవడమేంటి?"

"అయితే సెప్పండి. మన అమ్మోరి గుడి తలుపు ఏ దిక్కుకుంది?"

గోవిందరావు గారు కండువా సర్దుకున్నారు. "తూర్పుకి. సముద్రం వైపు."

"పడమరకి! అమ్మ సముద్రానికి ఈపెట్టి ఊరికేసి సూత్తాది. పదేళ్లుగా తాళం నా కాడుంది. తమరి సెప్పులు గుడి బయట ఒక్కనాడూ సూడలేదు నాను!"

ఈసారి నవ్వడానికి కూడా జనం భయపడ్డారు. కూర్మారావు మాత్రం తగ్గలేదు. "ఆయన సంగతి ఒగ్గీ రామూర్తీ. నమ్మకం లెక్కే లేదంటావేటి? మనం సముద్రం మీదకెల్లేటోలం. నమ్మకం లేకుండా పడవెక్కగలమేటి?"

ఆ ప్రశ్నకు మావ వెంటనే అరవలేదు. నాకది కొత్తగా అనిపించింది.

"ఎక్కలేం బావా. అమ్మకి సెప్పకుండా నానేనాడూ పడవెక్కలేదు. గాని ఆ మొక్కు నాది. సర్పంచి మొక్కితే నాకు సేపలు పడతాయేటి? నీ తమ్ముడు సింహాద్రికి కాళ్లు పొంగినప్పుడు పలాసలో కూకున్నదెవులు? అన్నవి, నువ్వెల్లేవా? అమ్మోరి తాళం ఉన్నోన్ని, నానెల్లేనా? ఇదే ఎల్లింది. ఈ పిల్లకి ఊరొద్దని అమ్మోరు నీతో సెప్పిందేటి? నాతో సెప్పలేదు. రోజూ మాటాడుతున్నాను నాను!"

కూర్మారావు దగ్గర ఉన్నది పద్ధతి ఒక్కటే. "ఊరి మాట ఊరి మాటే. ఈయమ్మి కాయితం మీద ఎవులూ సంతకం ఎట్టకూడదు." ప్రతిపాదించేవాళ్లు ఒకరు సంతకం పెట్టకపోతే నామినేషన్ చెల్లదు. పెడతానన్న జ్యోత్స్న తమ్ముడు కామేశ్ తల దించుకున్నాడు.

మావ తువ్వాలు దులిపాడు.

నేను ఆటో స్టార్ట్ చేశాను. "ఎక్కు మావా" అనబోయేలోపే ఎక్కి కూర్చున్నాడు. నేను ఆయనకేసి తిరిగాను. "ఏటలా సూత్తావు? ఆ తిక్కపిల్లని కూడా ఎక్కించు. నామినేషన్లు తీసుకునే కాడికి పోనీ."

దారి పొడుగునా ఆ పిల్లను తిట్టాడు. అబద్ధం ఆడటం చేతకానివాళ్లు రాజకీయాల్లోకి రాకూడదన్నాడు. ఆఫీసులో కాగితం లాక్కుని, కలం విరిగిపోతుందేమో అన్నంత గట్టిగా సంతకం పెట్టాడు.

"అభ్యర్థికి మీరేమవుతారండి?" అన్నాడు అధికారి ఊరికే.

"ఏటీ అవను. నాకీ పిల్లంటే ఒళ్లు మంట. అది కూడా రాయండి."

"దానికి గడి లేదండి."

సాయంత్రం ఊరివాళ్లొచ్చి గుడి తాళం అడిగారు. మావ అరుస్తాడనుకున్నాం. మొలతాడునుంచి విప్పి ఇచ్చేశాడు. ఆ రాత్రి పులుసు ముట్టుకోలేదని మావ పెళ్లాం అప్పలమ్మత్త కళ్లు తుడుచుకుంది. మర్నాడు పొద్దున చూస్తే గుడి లోపల కూర్మారావు ఊడుస్తున్నాడు, బయట మావ ఊడుస్తున్నాడు. "మూలలు సూడు! మూలల్లోనే ఉంతాది సెత్త! జన్మలో సీపురట్టేవేటి?" అని గుమ్మం అవతలనుంచి కేకలు.

ప్రచారంలో మావ ఇంకా ఘోరం. "ఓటేత్తావా, ఎయ్యవా?" అని గుమ్మంలో అడిగేవాడు. "ఆలోసిత్తాం" అన్నారంటే వాళ్లిచ్చిన టీ అక్కడే వదిలేసి లేచిపోయేవాడు. నేను జ్యోత్స్నను పక్కకు పిలిచి చెప్పాను. "మావని ఇంట్లో కూకోమను. ఉన్న ఓట్లు కూడా పోతాయి."

ఆమె నవ్వింది. "ధనరాజన్నా, మా కామేశ్ పెళ్లిబోయినాల్లో మీ మావ లేచిపోనాడు, గుర్తుందా?"

ఎందుకు లేదు? సాంబారులో ఉప్పు లేదని గావుకేక పెట్టి, విస్తరి వదిలేసి పోయాడు. నేను నాలుగు కిలోమీటర్లు వెనకాలే వెళ్లాను.

"నాను అప్పుడప్పుడే ప్రార్థనకెల్తన్నాను. వడ్డించేవోలు నా ఆకు దాటెల్లిపోనారు. పక్కనున్న ఇద్దరు లేచి దూరం జరిగేరు. తమ్ముడి పెళ్లిలో ఏడిసీదాన్నేమో. అప్పుడే ఆయన అరిసేరు. పెళ్లోరందరూ ఆయనెనక పరిగెట్టేరు. నన్ను సూసేటోలే లేరు. మా పిన్నొచ్చి వడ్డించింది, తిన్నాను." ఆగి అంది. "సాంబారులో ఉప్పు సరిగ్గానే ఉన్నాది అన్నా."

ఆ రోజు ఆటోలో మావకు పస్తు, నా నోట్లో తిట్లు. ఇంకెన్నిసార్లు ఇలా లేచిపోయాడో నాకు తెలీదు. అడుగుదామంటే మళ్లీ లేచిపోతాడు.

జ్యోత్స్న ఇరవై మూడు ఓట్లతో గెలిచింది. మర్నాడు కూర్మారావు మావ గుమ్మంలోకొచ్చి తాళం చేతిలో పెట్టాడు. "నా నడుం పడిపోనాది. నువ్వే ఊడ్సుకో," అన్నాడు. అక్కడే నిలబడి మెల్లగా అడిగాడు. "పండగొత్తంది. సర్పంచి ముర్రాట ఎత్తదు. ఎలాగ మరి?"

"నానెత్తుతాను."

"ఆడోలు కదేటి ఎత్తేది!"

"అమ్మోరికి నా మీసం అడ్డేటి?"

పండగనాడు మిట్టమధ్యాహ్నం డప్పులు మోగుతుంటే మావ పసుపుపంచె కట్టి, ముర్రాట తలకెత్తుకుని ముందు నడిచాడు. వెనక వందమంది ఆడవాళ్లు, కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటూ. ఇసక పెనంలా కాలుతోంది. చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసేసరికి మావ కాళ్లు తడబడ్డాయి. పక్కన నడుస్తున్న జ్యోత్స్న ఎవరింట్లోంచో బిందె తెచ్చి, ఆయన ముందు ఇసక మీద నీళ్లు పోసుకుంటూ నడవసాగింది. బిందె ఖాళీ అయితే వీధిలోవాళ్లు ఇంకోటి అందించారు. రెండో బిందె తెచ్చింది కూర్మారావు.

"అన్నేసి నీల్లెందుకు? జారిపోతాను!"

"తక్కువ పోత్తే కాళ్లు కాల్తాయి మావా."

"కాలనీ! నీకేటి?"

"ఆ నోరు కాసేపు ముయ్యి," అంది వెనకనుంచి అప్పలమ్మత్త. "అమ్మోరు ఇంటంది."

"ఇననీ!" అని ఉరిమాడు మావ, ఆ పిల్ల తడిపిన చోటే చూసి చూసి అడుగు వేస్తూ.