కుడి పక్క పెట్టె

మా ఇంట్లో తప్పు ఎప్పుడూ వస్తువులదే. పాలు పొంగితే గిన్నెది, కాలికి దెబ్బ తగిలితే బల్లది. ఇలాంటి మనుషుల మధ్య మా బాబాయి ఒక్కడే వేరనుకునేవాణ్ణి. ఏదైనా చెడిపోతే ఆయన తిట్టేవాడు కాదు, కూర్చుని కారణం వెతికేవాడు.

ఆయనది నాటకాలూ కచేరీలూ జరిగే ఒక హాల్లో సౌండు పని. చివరి వరస వెనక బల్ల దగ్గర కూర్చుని, ఏ గొంతు ఎంత వినిపించాలో, ఏ వాయిద్యం ఎంత తగ్గాలో నాబులు తిప్పి సరిచేస్తాడు. ఎదురుగా అందరూ గురువుగారంటారు, చాటున చెవులాయన అంటారు. ఆ చాటు పేరంటేనే ఆయనకి ఎక్కువ ఇష్టం. నేనూ పిన్నీ ఆయనా, ముగ్గురం ఆ చెవుల మీదే బతుకుతున్నాం. నా ఉద్యోగం సంగతి ఎవరూ అడగరు, నేనూ చెప్పను.

చివరికి మాట ఆ చెవుల మీదికే వచ్చింది. ఒక కచేరీలో పాట మొత్తం కుడివైపుకి లాగేసింది. కుడి పక్క వరసల్లో వాళ్లు చెవులు మూసుకుంటే, ఎడమ పక్క వాళ్లు వినపడక లేచిపోయారు. మర్నాడు మేనేజరు బాబాయిని పిలిచి, చాలా మర్యాదగానే, డాక్టరుకి చూపించుకోమన్నాడు. అప్పటిదాకా బల్ల దగ్గర బక్కోడు కూర్చుంటాడన్నాడు. బక్కోడంటే బాబాయి దగ్గరే పని నేర్చుకున్న సహాయకుడు. మా వీధి చివరే ఉంటాడు.

వయసైంది మీ మెషీన్లకి, నా చెవులకి కాదని బాబాయి ఆయన ముఖం మీదే అన్నాడు. ఆదివారం మా ఇంటికొచ్చి వినమన్నాడు. తన చేత్తో అమర్చింది సమంగా వినిపించకపోతే ఆ కుర్చీ తనే వదిలేస్తానన్నాడు. ఇంటికొచ్చి ఇదంతా పిన్నికి చెబుతుంటే ఆవిడ కూరగాయలు తరగడం ఆపి, “మాటలకేం, బాగానే అన్నారు. ఇంట్లో ఉన్నది సగం పాటేగా,” అంది.

నిజమే. ఇంట్లో ఉన్న ఆంప్లిఫయర్‌కి ఒక పక్క ఎప్పుడో పోయింది, ఎడమ స్పీకరు పెట్టె ఒక్కటే పలుకుతుంది. కుడి పెట్టె కోసం బక్కోడి దగ్గర ఊరికే పడున్న ఇంకో ఆంప్లిఫయర్ తెచ్చాడు. రెండూ వేరే వేరే కంపెనీలవి. ఒక దాని మీద మూడు దగ్గర వచ్చే శబ్దం రెండో దాని మీద ఆరుకి తిప్పితే గాని రాదు. పైగా రెండిటినీ ఒకే ప్లేయరుకి కలపగానే పెట్టెల్లోంచి గుయ్‌మని ఒకటే మోత. బాబాయి వైర్లన్నీ విప్పి, రెండు ఆంప్లిఫయర్లనీ ఒకే కరెంటు బోర్డుకి తగిలించాడు. మోత ఆగిపోయింది. ఆ పూటంతా ఆయన ఇంట్లో కొత్త పెళ్లికొడుకులా తిరిగాడు.

తర్వాత ఒక్క గొంతే పాడే పాట పెట్టాడు. రెండు పెట్టెలూ సమంగా పలికితే ఆ గొంతు సరిగ్గా వాటి మధ్య, గోడ గడియారం కింద నిలబడి పాడినట్టుండాలి. దాన్ని అక్కడ నిలబెట్టడానికి ఆయన కుడి నాబు చివరిదాకా తిప్పాడు. కుర్చీలో వెనక్కి వాలి, ఇప్పుడు కుదిరింది అన్నాడు. నేనూ పిన్నీ ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. పాట కిటికీలోంచి దూకి పక్కింటికి పోయేలా ఉంది, అంతా కుడివైపే.

నాబు అంత తిప్పితే ఆంప్లిఫయర్ వేడెక్కి కీచుమనడం మొదలుపెట్టింది. చచ్చు సరుకు అంటగట్టాడంటూ బాబాయి దాన్ని చంకలో పెట్టుకుని నేరుగా బక్కోడి ఇంటికి నడిచాడు, వెనక నేను. బక్కోడు దాన్ని అరుగు మీదే పెట్టి పరీక్షించాడు. బాగానే ఉంది గురువుగారూ, మీ దానికంటే ఇదే గట్టిది అన్నాడు. బాబాయి గొంతు లేచింది.

“నా కుర్చీ కావాలంటే అడుగు, ఇస్తాను. ఇలా పాడు సరుకిచ్చి, నాకే చెవుడని నలుగురి చేతా అనిపించకు.”

ఎదురుగా మంగలి షాపులోంచి సగం గీసిన గడ్డంతో ఒకాయన బయటికొచ్చి మరీ విన్నాడు. బక్కోడు ఆంప్లిఫయర్ తిరిగి బాబాయి చేతుల్లో పెట్టి లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

శనివారం బాబాయి నాకు ఎప్పుడూ చెప్పే పద్ధతే పట్టాడు. ఒక్కో వస్తువునీ ఈ పక్కది ఆ పక్కకి మార్చాలి. తప్పు దానితోపాటు నడిస్తే దొంగ అదే. ముందు ప్లేయరు వైర్లు మార్చాం. తేడా లేదు. పెట్టెలు మార్చాం. తేడా లేదు. ఇక ఆంప్లిఫయర్లే. బక్కోడిది ఎడమకి, మాది కుడికి పెట్టాం. ఈసారి మా దాని నాబు చివరిదాకా తిప్పితే గాని ఆయనకి పాట మధ్యలోకి రాలేదు. ఏది కుడివైపుకొస్తే అదే చచ్చుదవుతోంది. గది తప్పన్నాడు. పిన్ని పరదా తీసేసింది, నేను బీరువా జరిపాను. ఇంక జరపడానికి గోడలే మిగిలాయి.

పిన్ని కాసేపు నిలబడి చూసి, చాలా నెమ్మదిగా అంది. “అన్నీ మార్చారు. మీ కుర్చీ ఒక్కటే అలాగే ఉంది.”

బాబాయికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. లేచి కుర్చీని వెనక్కి తిప్పి, పెట్టెలకి వీపు పెట్టి కూర్చున్నాడు. పాట మళ్లీ మొదలైంది. పెట్టెలు కదల్లేదు, నాబులు కదల్లేదు. తిరిగింది ఆయనొక్కడే. పాట సగంలో ఉండగా గోడకేసి చూస్తూనే, “ఇప్పుడు అటువైపుది తగ్గింది,” అన్నాడు. తగ్గింది కుడి పెట్టె కాదిప్పుడు, ఎడమది. ఎటు తిరిగినా ఆయన కుడి చెవి పక్కనున్న పెట్టెకే గొంతు పోతోంది. ఆయన వీపు చూడటానికి కూడా నాకు సిగ్గేసింది. పని లేకపోయినా వైర్లు చుడుతూ కూర్చున్నాను.

ఆదివారం పొద్దున్నే పిన్నిని ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. పాడే గొంతు గడియారం కిందికి వచ్చిందనిపించగానే చెయ్యెత్తమన్నాడు. ఆవిడ ఎత్తింది. నాబులు అక్కడ ఆపి, మా ఇద్దరి వైపూ చూడకుండా చొక్కా మార్చుకోవడానికి వెళ్లాడు.

మేనేజరు వచ్చాడు, కూర్చున్నాడు, కళ్లు మూసుకుని పాటంతా విన్నాడు. లేచి బాబాయి చేతులు పట్టుకున్నాడు.

“పొరపాటు నాదే గురువుగారూ. గీత గీసినట్టు మధ్యలో ఉంది. అయితే ఆ రోజు హాల్లో నాబులు ఎవరు కదిపారో నాకిప్పుడు అర్థమైంది. రేపట్నుంచి ఆ బక్కోణ్ణి రావద్దంటాను.”

టీ వచ్చింది, తాగారు. మేనేజరు కొత్త నాటకం గురించి ఏదో చెబుతుంటే బాబాయి తలూపుతూనే ఉన్నాడు. పిన్ని గుమ్మంలో నిలబడి ఆయన్నే చూస్తోంది. నాకు మాత్రం, ఇంత చిన్న అబద్ధంతో మా ఇల్లు ఇంకొన్నేళ్లు గడిచిపోతుందని లెక్క తేలిపోయింది. ఆ లెక్క వేసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మేనేజరు మెట్ల మీద ఒక కాలికి బూటు తొడుక్కున్నాక బాబాయి నోరు తెరిచాడు.

“అది నేను పెట్టింది కాదండీ. మా ఆవిడ విని పెట్టింది. నా కుడి చెవి పోయింది. వాణ్ణేమీ అనకండి.”

మేనేజరు రెండో బూటు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. రేపోసారి రండి, మాట్లాడుకుందాం అన్నాడు. గురువుగారూ అని మాత్రం అనలేదు.

ఆయన వీధి మలుపు తిరిగాక బాబాయి బక్కోడి ఆంప్లిఫయర్ వైర్లు పీకి, రెండు చేతులా ఎత్తుకుని బయల్దేరాడు. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. పట్టపగలు, వీధంతా జనం. బక్కోడు అరుగు మీదే ఉన్నాడు. బాబాయి దాన్ని ఒళ్లో పెట్టుకుని వాడి ఎడమ పక్కన కూర్చుని, నేల చూస్తూ, దీని తప్పేం లేదురా అన్నాడు.

బక్కోడు ఏదో అడిగాడు. నాకు వినిపించింది గానీ బాబాయికి వినిపించలేదు. వాడు ఆయన ముఖంలోకి కాసేపు చూసి, గొంతు పెంచి అడిగాడు. “ఏ చెవి?”

“కుడిది.”

బక్కోడు లేచి ఆయన ముందు నుంచి నడిచి వెళ్లి, ఈసారి ఆయనకి ఎడమ పక్కన కూర్చున్నాడు. అక్కణ్ణుంచి మామూలు గొంతుతో, మంచినీళ్లు తాగుతారా అని అడిగాడు. బాబాయి తల ఎత్తలేదు. ఒళ్లో ఉన్న ఆ బరువు దించాలని కూడా ఆయనకి తోచలేదు.