ఖాజాబీ చేతి టికెట్

ఎనభైల మొదట్లో నన్ను గురజాల సబ్ ట్రెజరీకి, అంటే తాలూకా ఖజానాకు, అధికారిగా వేశారు. నాలుగు రాష్ట్రాలు కలిసి ఒక ఉమ్మడి లాటరీ నడుపుతున్న రోజులవి. అందరి సొమ్మూ ఒకచోట చేరేది కాబట్టి బహుమతి పెద్దది, జనానికి ఆశ ఇంకా పెద్దది. సీలు వేసిన టికెట్ కట్టలు మా స్ట్రాంగ్ రూముకు వచ్చేవి. లైసెన్సున్న ఏజెంట్లు డబ్బు కట్టి తీసుకెళ్లేవారు.

బస్టాండు ఏజెంటు మస్తాన్ జ్వరంతో పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. లైసెన్సు అతని భార్య ఖాజాబీ పేరుకు మార్చమని నేనే పైఅధికారులకు రాశాను. లైసెన్సు వచ్చింది, కొనేవాళ్లు రాలేదు. మొగుడు పోయిన మనిషి చేతి టికెట్ కలిసిరాదని వాళ్ల భయం. పాపం, ఆమె టికెట్లను తాడుకు క్లిప్పులతో తగిలించి, ఎవరిది వాళ్లే తీసుకోమంది.

"డబ్బులు నా చేతిలో పెట్టడానికి మాత్రం పట్టింపు లేదు సారూ," అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

ఒకరోజు మాచవరం రైతొకాయన కదులుతున్న బస్సు కిటికీలోంచి చెయ్యి చాపి, "ఏదో ఒకటియ్యమ్మా, బిరాన!" అని అరిచాడు. ఎంచుకునే వ్యవధి లేక ఆమె చేతి నుంచే అందుకున్నాడు. దానికే రెండో బహుమతి తగిలింది.

ఇక చూడాలి. వెల్దుర్తి నుంచి కూడా వచ్చి, తాడుకున్నవి వద్దు, "నీ చేత్తోనే తీసియ్యి వదినా" అని నిలబడేవారు. కొత్తగా కిరాణా కొట్టు పెట్టిన వ్యాపారి ఆమెను పిలిచి బోణీ చేయించుకున్నాడు. ఆ రోజు ఖాజాబీ కొత్త చీర కట్టుకుంది.

తర్వాత వాటాల దగ్గర రాష్ట్రాలకు చెడింది. ఒకటి తప్పుకుంది, మిగతావి ఆట ఆపేశాయి. అమ్ముడుపోని టికెట్లు వెనక్కి తీసుకుని, చిల్లులు పొడిచి రద్దు చేయమని ఉత్తర్వు వచ్చింది. ఖాజాబీ కట్టలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. సొమ్ము వాపసు వస్తుందని చెప్పాను. ఆమె దిగులు అది కాదు.

"ఆట పోయినాక జనం మళ్లీ నన్ను చూసి జంకుతారా ఏంది సారూ?"

అట్లా ఏమీ జరగదన్నాను. కొద్దిరోజులకే, పొద్దున్నే నూనె కోసం వెళ్తే, ఆ కిరాణా వ్యాపారే "ఇంకా బోణీ కాలేదు, కాసేపాగి రా" అన్నాడట. చానా బాధపడిందని మా అటెండరు చెప్పాడు. నాకూ ఏడుపొచ్చినంత పనైంది.

లైసెన్సు ఇప్పించగలిగాను గానీ, ఆమెను ఆ కొట్టు మెట్టెక్కించే అధికారం నా కుర్చీకి లేదని అప్పుడు తెలిసింది.