రంగనాయకమ్మ గోడ

పాండూరులో ఆయన్ను గోడల జయరామన్ అంటారు. ముప్పై ఏళ్లుగా పార్టీ శాఖ కార్యదర్శి. ఎన్నికలు ఆర్నెల్లున్నాయనగానే ఇంటింటికీ పోయి అడిగి, గోడకు సున్నం కొట్టి, పార్టీ పేరూ ఏడాదీ రాసి పెడతాడు. అట్లా రాసిన గోడ జోలికి ఇంకో పార్టీవాడు రాకూడదు. అది ఈ ప్రాంతపు కట్టుబాటు. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషే గానీ, గోడ మీద ఆయన రాసే అరవ అక్షరాలు అచ్చుగుద్దినట్టుంటాయి. పొలంలో కలుపు మొలిచినా పట్టించుకోడు, పార్టీ గోడ మీద మరక పడితే మాత్రం అన్నం మానేస్తాడు. భార్య కన్నమ్మ ఈ విషయంలో అనని మాట లేదు.

ఈసారి పద్నాలుగు గోడలు పట్టాడు. వాటిలో గొప్పది తిరుత్తణి రోడ్డు మీది రంగనాయకమ్మ గోడ. బస్సులో పోయేవాళ్లకు కూడా కనబడుతుంది. ఆమె భర్త కేశవన్ ఒకప్పుడు వీళ్ల పార్టీ ఏజెంటుగా పోలింగ్ బూత్‌లో కూర్చుని, అవతలి పార్టీవాళ్ల చేతుల్లో దెబ్బలు తిన్నాడు. పోయేదాకా ఆయన కుడిచెయ్యి భుజం దాటి లేవలేదు. ఏమైనా కానీ మన పార్టీ వాళ్లతో మాత్రం చేరదని జయరామన్ ఆమెకు మాటిచ్చాడు. ఈ ఏడాది సున్నం కొట్టిన రోజున కూడా అదే మాట చెప్పాడు.

పది రోజులు తిరక్కుండానే పార్టీ పోయి ఆ అవతలివాళ్లతోనే చేరింది. పొత్తులో ఈ సీటు కూడా వాళ్లకే పోయింది.

తిరువళ్లూరులో కల్యాణమండపం తీసుకుని సభ పెట్టారు. దేవుణ్ణీ పెద్దల్నీ నమ్ముకున్న పార్టీ, మన ఉత్సవాలను ఎగతాళి చేసినవాళ్ల పక్కన ఎట్లా నిలబడుతుందని పాతవాళ్లు లేచారు. మూడుసార్లు ఓడాం, ఇంకోసారి ఓడితే జెండా మోసేవాడుండడు, విధానాలు ఎవరికోసమని కుర్రకారు ఎదురుతిరిగారు. రెండు మాటల్లోనూ నిజముందనిపించింది జయరామన్‌కు. పొత్తుకు ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తమన్నాడు ప్రాంత కార్యదర్శి దేవేంద్రన్. ఎవరైనా ముందు వద్దంటే తానూ వద్దందామని జయరామన్ అటూ ఇటూ చూశాడు. అరిచిన పాతవాళ్లే ముందు ఎత్తారు. అందరివీ లేచాక ఆయనదీ లేచింది. శుక్రవారంలోగా పట్టిన గోడలన్నిటి మీదా అవతలి పార్టీ గుర్తు వెయ్యాలని ఉత్తర్వు అయింది.

పదమూడు గోడలు ఎట్లాగో వేశాడు. మిగిలిన ఒక్కటీ గుండెల మీద కుంపటై కూర్చుంది. చివరికి ఒక ఉపాయం తోచింది. రంగనాయకమ్మ ఎట్లాగూ తిడుతుంది, వద్దంటుంది. గోడ దొరకలేదని దేవేంద్రన్‌కు చెప్పేస్తే సరి. పదవీ ఉంటుంది, మాటా ఉంటుంది. పాము చావకుండా, కర్ర విరగకుండా.

గురువారం పొద్దున పోయేసరికి ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"కూట్టణి అయిపోయిందక్కా, వాళ్లతోనే పొత్తు. మీ గోడ మీద వాళ్ల గుర్తు వెయ్యమంటా ఉండారు. మీకు ఇష్టం లేదంటే చెప్పండి, వద్దనేస్తా."

"సభలో నువ్వు చెయ్యెత్తినావా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "ఎత్తినానక్కా."

ఆమె పని ఆపలేదు. "నేను వద్దంటే నీకు సుళువు గదా, జయరామా. ఆ మాట నేనెందుకు అంటాను? గోడ ఆడనే ఉంది. నీ చేత్తో వేస్తానంటే వేసుకో, పో."

సిగ్గుతో ఆయన ముఖం మాడిపోయింది. బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాడు. ముప్పై ఏళ్ల పదవి పోతే రేపట్నుంచి ఊళ్లో తననెవరు పలకరిస్తారు? అయినా దేవేంద్రన్‌కు ఫోన్ చేశాడు. ఏం, ముసలామె గోడ ఇవ్వనన్నదా అని అడిగాడు అతను.

"ఇచ్చింది దేవేంద్రా," అన్నాడు జయరామన్. "వెయ్యననేది నేను."