గీత గడప ముందు సారు

ముందు స్కూటరు హారన్ వినబడుతుంది, తర్వాత సదానంద సారు కనబడతాడు. కన్నడ రాష్ట్రంలోని తెలుగు పల్లె రాయచెర్లులో, ఎండను మేసే సోలార్ పలకల కంచె వెంట, బడి మానిన పిల్లల ఇళ్ల ముందు రోజూ ఆగుతాడు. పద్నాలుగేళ్ల దాకా చదివించి తీరాలన్నది చట్టం. ఒక్క చిన్నక్క గడప దగ్గర మాత్రం చెప్పులు విడిచి, తల వంచి నిలబడతాడు. ఆమె మనవరాలు గీత కన్నడ బడిలో చేరిన కొత్తలో, బయటికి పోవాలని తెలుగులో అడిగింది. కన్నడలో అడగమన్నాడు పాఠం చెప్పే ఈ సారే. పాపకు రాలేదు. నిలబడ్డచోటే గౌను తడిసింది. పిల్లలు నవ్వారు. పాప మరి బడి ముఖం చూడలేదు.

"గీతమ్మా, రామ్మా, నేనేమీ అనను," అని ఈ పొద్దూ పిలిచాడు. తలుపు వెనక గాజులు కదిలాయి గానీ పాప రాలేదు. "ఇప్పుడు బాగా వస్తాదే సారూ నీకు తెలుగు!" అంది చిన్నక్క. తిరిగి స్కూటరెక్కుతూ ఆయన పక్కింటి అరుగు మీదున్న నాతో మెల్లగా అన్నాడు: "మా ఇంట్లో మాట్లాడేది గూడా తెలుగేనప్పా. ఆ బిడ్డ అడిగింది నాకు అప్పుడే అర్థమయినాది."