చైనా గ్రాస్ కిక్కు

ఒక్క పొట్లం చైనా గ్రాస్‌తో ఉద్యోగం ఊడగొట్టుకోబోయిన మహానుభావుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, నేనే.

నాలుగేళ్ళ క్రితం నేనూ, వరంగల్ నుంచి వచ్చిన కిరణూ విదేశంలో, పుంగ్గోల్ అనే పేటలో ఒక ఫ్లాట్‌లో అద్దెకుండేవాళ్ళం. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుతో ముగుస్తుంది. పొడిగించాలంటే మా మేనేజరు మూర్తిగారి సంతకం కావాలి. ఆయన్ని మంచి చేసుకుందామని ఒక ఆదివారం మధ్యాహ్నం దంపతులిద్దర్నీ భోజనానికి పిలిచాను. బిర్యానీ ఎవరైనా పెడతారు. నేను ‘మోహీతో’ అనే రమ్ము కాక్‌టెయిల్‌ని జెల్లీగా చేసి పెడదామనుకున్నాను. పుదీనా, నిమ్మరసం, రమ్ము చిన్న చిన్న కప్పుల్లో గడ్డకట్టించాలి, గుటుక్కున మింగాలి, అంతే. ఒక వీడియో చూశాను కాబట్టి నాకు అన్నీ వచ్చేశాయి.

వీడియోలో జెలటిన్ వాడారు. అది జంతువుల ఎముకలతో చేస్తారట. మూర్తిగారి భార్య సుజాతగారు మాంసం ముట్టరు. అందుకని సముద్రపు నాచుతో చేసే చైనా గ్రాస్ కొన్నాను. పొట్లం మీద ‘బాగా మరిగించాలి’ అని ఉంది. నేనసలే చెప్పిన మాట వినేవాణ్ణి. నీళ్ళూ, పంచదారా, సీసాడు రమ్మూ ఒకే గిన్నెలో పోసి అరగంట తెర్లించాను.

“అన్నా, వాసనకే నాకు ఎక్కుతున్నది,” అన్నాడు కిరణ్ కిటికీలు తెరుస్తూ.

“వాసనే ఇంతుంటే ముక్కలో ఎంతుంటుందో చూసుకో,” అన్నాను గర్వంగా.

మూర్తిగారు ఎనిమిది కప్పులు లాగించారు. మర్యాద కోసం నేనూ ఆరు తిన్నాను. కాసేపటికి ఆయన కళ్ళు వాలిపోయాయి.

“సుజాతా, మీ తమ్ముడు వారం ఉంటానని వచ్చి రెండు నెలలైంది. సోఫా వాడి ఆకారానికి వచ్చేసింది. ఎప్పుడు పంపిస్తావు?”

“ఈయనకి బాగా ఎక్కింది,” అని నవ్వేసి ఆవిడ మంచినీళ్ళు అందించారు.

అది చూసి నాకూ పూనకమొచ్చింది. కుర్చీ ఎక్కాను.

“సార్, ఐదు నిమిషాల మీటింగని పిలిచి గంటన్నర మీరే మాట్లాడతారు. మేమంతా కెమెరా ఆపేసి అన్నాలు తింటాం. నేనైతే ఓసారి స్నానం కూడా చేసొచ్చాను.”

కిరణ్ నా చొక్కా పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. మూర్తిగారు మాత్రం చెయ్యి ఊపారు.

“పర్లేదులేవయ్యా, తాగినవాడి మాటలు పట్టించుకుంటామా.”

బతికిపోయాననుకున్నాను. అక్కడితో నోరు మూసుకుని ఉంటే మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

“ఎలా చేశావు బాబూ? రమ్ము ఘాటే తెలియలేదు,” అన్నారు సుజాతగారు. ఆవిడ యూనివర్సిటీలో కెమిస్ట్రీ రీసెర్చి చేస్తారు.

“అదే మేడమ్ కిటుకు. రమ్ము కూడా పోసేసి అరగంట మరిగించాను.”

“మూత పెట్టా?”

“మూత లేకుండానే.”

ఆవిడ కప్పు కింద పెట్టారు. “అయితే ఇందులో మందెక్కడుంది? ఎప్పుడో ఆవిరైపోయుంటుంది. మీరు తిన్నది పుదీనా జెల్లీ.”

అసలే కోతి, ఆపైన కల్లు తాగిందంటారు. కల్లు తాగకుండానే కుర్చీ ఎక్కిన కోతిని నేను. మూర్తిగారు నన్నే చూస్తున్నారు. రమ్ము పోయిన కిటికీలోంచే నా కాంట్రాక్టూ పోతోందని అర్థమైంది. నిజంగా ఏడుపొచ్చింది.

ఇంతలో సుజాతగారు మొగుడి వైపు తిరిగారు.

“అంటే మా తమ్ముడి గురించి మీరన్నదంతా తెలివిలో ఉండే అన్నారన్నమాట.”

మూర్తిగారు నా భుజం మీద చెయ్యి వేసి గబగబా వంటింట్లోకి లాక్కెళ్ళారు.

“స్టవ్ ఆపాక ఇంకో సీసా పోశానని చెప్పు నాయనా. రేపు పొద్దున్నే నీ కాగితాల మీద సంతకం పెడతాను.”

“ఒక సీసా చాలదేమో సార్. మీరు సోఫా మాట కూడా అన్నారు.”

“సరే, రెండు.”

ఇద్దరం ఒకరి భుజం ఒకరు పట్టుకుని, తూలుకుంటూ బయటికొచ్చాం.

ఆనాడే చెంపలేసుకుని, ఖాళీ సీసా ముట్టుకుని ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో రమ్మును మరిగించను. మేనేజరుకి నిజం చెప్పాల్సి వస్తే పచ్చిది తాగే చెప్తాను.