అక్క కొట్టిన గంట

మొన్న మనవరాలి బడికి వెళ్తే, ఆఫీసు పక్క చిన్న గదిలో కూర్చున్న టీచరమ్మ ఒకామె, పిల్లల దిగులు వినడమే తన ఉద్యోగమని చెప్పింది. ఒకరికి నాలుగు మాటలు చాలట, ఇంకొకరిని వారం వారం కూర్చోబెట్టుకుని మాట్లాడాలట, కొందరిని మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పంపాలట. వింటూ వింటూ నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే పాపం ఆమె కంగారుపడింది.

ఎనభైలలో, బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండ్లు బారులు తీరే కాలంలో, కోటగిరి వైపు మా పల్లె బడిలో అన్ని దిగుళ్లకూ ఒకటే మందు. ముఖం వేలాడేసిన పిల్లకి మా పెద్దసారు గంట కొట్టే పని అప్పజెప్పేవారు. వరండాలో వేలాడే రైలుపట్టా ముక్క, ఒక ఇనుప కడ్డీ, అంతే. బెత్తం పట్టని మంచి మనిషి ఆయన. పరీక్షల భయంతో అన్నం మానేసిన నా చేతికి ఆ కడ్డీ ఇచ్చారు, బడంతా నా గంటకి లేచి కూర్చుంటుంటే ఆ గర్వానికే నా భయం ఎటో పోయింది.

అదే మా కొంప ముంచింది. తొమ్మిదో తరగతిలో అక్క నిద్ర మాని, తల దువ్వుకోవడం మాని, గోడవైపు తిరిగి కూర్చోవడం మొదలుపెడితే, బాపు ఏమాత్రం బెంగపడకుండా, "చిన్నదానికి గంటతోనే నయమాయె, దీనికి గూడ గదే జేద్దాం" అన్నాడు. పెద్దసారూ సరేనన్నారు. "చెల్లే, నాకు లోపల ఏమో అయితుంది, దవాఖానకు తీస్కపొమ్మని బాపుకు జెప్పు" అని అక్క ఒక్కసారే అడిగింది. చెప్పాను. రెండు దినాలు గంట కొడితే అదే పోతదన్నాడు.

ఒక మధ్యాహ్నం, లెక్కల పాఠం నడుమ, గంట మోగింది. ఆగకుండా మోగితే ఇంటిగంటే కదా, బడి బడంతా సంచులతో కేకలేస్తూ బయటపడ్డాం, నేనూ గంతులేశాను. వెనక్కి తిరిగి చూస్తే, వరండాలో గంట దగ్గర పెద్దసారు అక్క చేతులు పట్టుకుని ఆపినా ఆమె మోచేతులు ఆడుతూనే ఉన్నాయి. కంట్లో నీళ్లు లేవు, ముఖంలో ఏమీ లేదు.

ఆ తర్వాత అక్క బడి మాన్పించి, ఒళ్లో బీడీలు చుట్టే చాట పెట్టారు. ఎన్నో ఏళ్లకు నాకు ఉద్యోగం వచ్చాక నిజామాబాదులో డాక్టరుకు చూపించాను. మందులతో కంటినిండా నిద్రపోయింది, అడిగి అన్నం పెట్టించుకుంది, కాని అప్పటికే తల నెరవడం మొదలైంది. బడిలో ఉన్నప్పుడే తీసుకురావాల్సిందని డాక్టరు మెల్లగా అన్నాడు.

మనవరాలి బడిలో గంట కరెంటుతో దానంతటదే మోగుతుంది, ఏ పిల్లా కొట్టనక్కరలేదు. ఆ చిన్న గదిని చూసి సంతోషమే వేసింది, దాని వెంటే కడుపు మండిపోయింది. ఆ మధ్యాహ్నం అక్క తన చేతనైనంత గట్టిగా మమ్మల్ని పిలిచింది. మేమేమో బడి వదిలారనుకుని ఇంటిదారి పట్టాం.