ఏప్రిల్‌లో వచ్చిన స్వెటర్లు

నిన్న ఉదయం పదకొండు గంటలకు జర్మనీలో బ్యోబ్లింగెన్ ఊరి దగ్గరి ఒక చర్చి సంఘం, ఖమ్మం వైపున్న మా బాలికల హాస్టల్‌కు ఈ నెలాఖరుతో సాయం ఆపేయాలని తీర్మానించింది. జర్మన్ ప్రభుత్వం విదేశాలకిచ్చే సాయం తగ్గించిందని, తాము ఒక్కరే మోయలేమని చెప్పారు. వార్త రాయడానికి వెళ్లిన నేను ఆ హాస్టల్లోనే చదువుకున్నాను.

సమావేశం జరిగిన హాల్లో ఒక మూలన దానానికి వచ్చిన పాత బట్టలు మడతపెడుతున్నారు. అదే నాఫ్తలీన్ గోళీల వాసన. ఇది చదివే మన బ్యాచ్ వాళ్లకు గుర్తుందా, ఏప్రిల్ ఎండల్లో జర్మనీ నుంచి దిగిన ఉన్ని స్వెటర్లు? వాటిని విప్పి, ఆ ఉన్నితో గుమ్మాలకు తోరణాలు అల్లుకున్నాం. వార్డెనమ్మ చెమట తుడుచుకుంటూ మనతో కృతజ్ఞతల ఉత్తరాలు రాయించేది.

"మస్తు వెచ్చగున్నయని రాయుండ్రి. ఎండ సంగతి ఎవరూ రాయొద్దు."

మనతో చదివిన సరోజే ఇప్పుడు అక్కడ వార్డెన్. మధ్యాహ్నం ఫోన్ చేసి విషయం చెప్పాను.

"పిల్లలతోటి ఉత్తరాలు రాయించనా?" అని అడిగింది.

"తీర్మానం అయిపోయిందే."

"మరి పదో తరగతి పిల్లలు? ఏడాది నడుమల ఏడికి పోతరే?"



హాస్టల్ మూసేస్తున్నారు కాబట్టి సోమవారం ఉదయం పదింటికి తల్లిదండ్రులను అక్కడికి రమ్మన్నారు. పిల్లలనూ, వాళ్ల ట్రంకుపెట్టెలనూ ఆ రోజే తీసుకెళ్లాలి.